బోనం ఎత్తున గుమ్మం

హైదరాబాదు వెళ్లొచ్చినప్పటి నుంచి మా వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ అద్దాల మేడ ఎలా ఉంది అని. బాగానే ఉంది. గుండ్రంగా ఉంది. ఎండ పడితే కళ్లు చెదిరేట్టు ఉంది. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం దాని గురించి కాదు. దానికి కొంచెం దూరంలో ఒక రాతిగోడ చూశాను. ఆ గోడకి పెట్టిన తలుపు చూశాను. దాని గురించి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అందుకని అడక్కపోయినా చెబుతున్నాను. కాస్త కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

మా గోదావరి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను రాజనీతిశాస్త్రం చెబుతాను. దానితోపాటు కొన్నేళ్లుగా ఇష్టమైన పిల్లలకి ఇంకో క్లాసు తీసుకుంటున్నాను. పేరు శాంతి, సంఘర్షణల అధ్యయనం. వరండా చివర చిన్న గది. నేనే తాళం తీస్తాను, నేనే వేస్తాను. స్టాఫ్ రూములో నన్ను 'ఓం శాంతి మేడమ్' అంటారు. పిల్లల్ని కళ్లు మూసుకుని కూర్చోబెడతానని వాళ్ల ఊహ కాబోలు. పైకి నవ్వేస్తాను గానీ ఒళ్లు మండుతుంది. మేం చదివేదంతా దెబ్బలాటల గురించే. కాలవ నీళ్ల దగ్గర ఇద్దరు రైతులు కొట్టుకున్నా, రెండు దేశాలు కొట్టుకున్నా, అది ఎక్కడ రాజుకుంది, ఎవరు ఎగదోశారు, ఎవరికి లాభం, ఎలా ఆగింది అని తవ్వి చూస్తాం.

ఆ క్లాసులో ఒక నియమం ఉంది. వాదనలో మన మాట చెప్పే ముందు ఎదుటివాళ్ల మాట మనమే చెప్పాలి. వాళ్లు విని "అవును, అదే" అనాలి. "కాదు" అంటే మళ్లీ చెప్పాలి. అది కుదిరాకే మన వంతు. వినడానికి ఇంతే. చేయబోతే మొదటి నెలంతా ఒక్కరికీ కుదరదు, ఎదుటివాడి మాట చెబుతూ చెబుతూ మధ్యలో మన వెటకారం దూర్చేస్తాం.

ఈ ఏడు మా కరస్పాండెంట్ గారు ఆ క్లాసు తీసేసి, ఆ గదిలో కంప్యూటర్లు పెడతామన్నారు. "పిల్లలకి ఉద్యోగం వచ్చేదేదో చెప్పండమ్మా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఒక మెట్టు దిగి, "సరే, మీ క్లాసు పిల్లల్ని తీసుకుని హైటెక్ సిటీ చూసి రండి. వచ్చాకే తేలుద్దాం. అది చూస్తే మీరే గది ఖాళీ చేస్తారు" అన్నారు. కాపలాకి అన్నట్టు కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏ.ఓ. పట్టాభిరామయ్య గారిని మాతో పంపారు. అలా నా క్లాసు బతుకుతుందో లేదో తేల్చే విహారయాత్రకి నేనే పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరాను.

రైల్లో

రైల్లో పులిహోర పొట్లాలు విప్పేసరికి పక్క బెర్తు పెద్దాయన తన గిన్నె మూత తీశాడు. వరంగల్లు వైపు మనిషి, విత్తనాల వ్యాపారం. మక్క గారెలు, అంటే మొక్కజొన్నవి, మాకు తలా ఒకటి పెట్టాడు. మనం మినప గారె మెత్తగా ఉందా లేదా చూస్తాం, ఇది కరకరలాడుతూ పచ్చిమిర్చి ఘాటుతో నసాళానికి అంటింది.

"ఏం చదువుతున్నరు బిడ్డా?" అని సునీతని అడిగాడు. సునీత మా క్లాసులో అందరికన్నా తక్కువ మాట్లాడే పిల్ల. వాళ్లమ్మ మా ఊరి ఆస్పత్రిలో నర్సు. ఆదివారం చర్చిలో పాడేటప్పుడు తప్ప గొంతు పైకి రాదు.

"గొడవలు ఎలా తీరతాయో చదువుతున్నామండి" అంది.

"గట్లనా! మా ఇంట్ల ఇద్దరు కోడండ్లు ఉన్నరు. జర ఒక్కపారి వచ్చి పోరాదు బిడ్డా, నీకు పుణ్యముంటది."

పెట్టె అంతా నవ్వారు. పట్టాభిరామయ్య గారు మాత్రం గొంతు సవరించుకుని, "అదేం లేదండీ, మేం కంప్యూటర్లు చూడ్డానికి వెళ్తున్నాం" అని అందుకున్నారు. ఆ పిల్ల చదువు చెప్పుకోవడానికి కూడా ఆయనకి నామోషీ. గారె నోట్లో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

సికింద్రాబాదు

స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ మూడు రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి పెద్ద గ్లాసు వస్తుంది, కానీ ఇంత చిక్కగా రాదు. ఒక చాయ్ తెప్పించుకుని ఇద్దరు పంచుకోవడం ఇక్కడ మామూలే, దానికోసం ఖాళీ కప్పు కూడా వాళ్లే ఇస్తారు. మా ఊళ్లో అలా అడిగితే మర్నాటికల్లా ఊరంతా చెప్పుకుంటారు. గరగల నృత్యం ఆడే ఇంటి కుర్రాడు రాంబాబు మాతో ఉన్నాడు. పొద్దున్నే ఆకలికి ఆగలేక పెసరట్టు ఉందా అని అడిగాడు. సర్వరు నవ్వాపుకోలేకపోయాడు. "పెసరట్టు గిసరట్టు ఉండది బయ్. ఫికర్ చెయ్యకు, బిస్కట్ ముంచుకొని తిను" అని ఉస్మానియా బిస్కట్ల ప్లేటు ముందుకి తోశాడు. ఆ ప్లేటు రెండుసార్లు నింపించాల్సి వచ్చింది.

మాదాపూర్

అక్కణ్ణించి ఒక మినీ బస్సు మాట్లాడుకున్నాం. జూబ్లీహిల్స్ దాటాక రోడ్డుకి అటూ ఇటూ బండరాళ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మర్చిపోయినట్టు. వాటిని పేల్చేస్తున్నారు. ఉండుండి ఢామ్మని చప్పుడు, తర్వాత దుమ్ము. ఆ దుమ్ములోంచి బయటికొస్తే అద్దాల మేడ. గేటు దగ్గర సెక్యూరిటీ మమ్మల్ని చాలాసేపు నిలబెట్టాడు. మా కాలేజీలోనే చదివి అక్కడ పనిచేస్తున్న శేఖర్ కిందికి వచ్చి, అందరికీ మెళ్లో బిళ్లలు వేయించి లోపలికి తీసుకెళ్లాడు. లోపల చలి. పిల్లలు మాటలు కూడా తగ్గించేశారు.

మరి కొన్ని నెలల్లో రెండువేల సంవత్సరం వస్తోంది కదా, పాత కంప్యూటర్లకి తేదీ తెలియక తికమక పడతాయట. దాన్ని సరిచేసే పని శేఖర్‌ది. పట్టాభిరామయ్య గారి మొహం వెలిగిపోయింది. "చూశారా మేడమ్, ఇదీ చదువంటే."

శేఖర్ మొహమాటంగా నవ్వాడు. "సార్, ఇక్కడ మెషీన్లతో గొడవ తక్కువేనండి. ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక గది, అందులో తప్పులు పట్టేవాళ్లు ఒక గది. వీళ్లకీ వాళ్లకీ అస్సలు పడదు. నేను వచ్చిన కొత్తలో ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు కాదండి. మేడమ్ క్లాసులోది పెట్టాను. ముందు వాళ్ల మాట నువ్వు చెప్పు, వాళ్లు అవునంటేనే నీది చెప్పు అని. నెల పట్టింది. ఇప్పుడు కలిసి అన్నం తింటున్నారు. ప్రోగ్రాం రాయడం ఇక్కడికొచ్చాక నేర్చుకున్నానండి. అది మాత్రం మన వరండా చివరి గదిలో నేర్చుకున్నదే."

పట్టాభిరామయ్య గారు ఇదంతా విని ఏమన్నారో తెలుసా? "క్యాంటీన్లో భోజనం ఫ్రీనా బాబూ?" అన్నారు.

మణికొండ దారి

మధ్యాహ్నం గోల్కొండ చూపించాలని మా ప్లాను. బస్సు ఇంకో దారి పట్టింది. ఏమిటని అడిగితే, మణికొండ వైపు ఒక ప్లాటు ఉందట, పట్టాభిరామయ్య గారు "అలా ఓ చూపు చూసి" వచ్చేస్తారట. పిల్లల విహారయాత్ర బస్సులో ఆయన స్థలం బేరానికి బయల్దేరారు! నాకు చిర్రెత్తుకొచ్చింది. పిల్లల ముందు రభస ఎందుకని నోరు నొక్కుకున్నాను.

మెట్ట చేలు, రాళ్ల గుట్టలు, అక్కడక్కడా ముగ్గుపిండితో గీసిన ప్లాట్ల గీతలు. ఒక పల్లె దాటాక బస్సు ఆగిపోయింది. ముందు సిమెంటు లారీ, దాని ముందు రోడ్డుకి అడ్డంగా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పక్కన కొత్తగా కడుతున్న రాతిగోడ. ఏదో కంపెనీ కొన్న నేల అట. గోడ అవతల, ఆ నేలలోనే, వేపచెట్టు కింద చిన్న పోచమ్మ గుడి కనబడుతోంది.

"హారన్ కొట్టవయ్యా" అని పట్టాభిరామయ్య గారు డ్రైవర్ని తొందరపెట్టారు. హారన్ కొట్టగానే నలుగురు ఆడవాళ్లు లేచి బస్సు దగ్గరికొచ్చారు. ముందున్నావిడ పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. యాభై దాటి ఉంటాయి.

"ఏంది, గంత తొందర? ఎవలు మీరు? ప్లాట్లు కొననీకి వచ్చిన్రా?"

"అబ్బే, మేం స్టూడెంట్సండీ, కాలేజీ వాళ్లమండీ" అని రాంబాబు కంగారుగా కిటికీలోంచి చెప్పాడు. ఆ 'అండీ' విని ఆమె మొహం ఇంకా బిగిసింది.

"గా సూపర్వైజరు గుడ గిట్లనే అండీ అండీ అంటడు. మీరు గుడ ఆల్లేనా?"

పట్టాభిరామయ్య గారు కిటికీ అద్దం మూసేసి పోలీసుల్ని పిలవాలన్నారు. నిజానికి ఆయన వచ్చింది ప్లాటు కోసమే, ఆమె అనుమానంలో తప్పేముంది? నేను దిగాను. నా వెనకే పిల్లలూ దిగారు. ఆయన దిగలేదు.

గోడ దగ్గర

సూపర్వైజరు సత్యనారాయణ పాలకొల్లు దగ్గరివాడు. మా యాస వినగానే ప్రాణం లేచొచ్చినట్టు నా దగ్గరికి వచ్చాడు. "చూడండి మేడం గారూ, ఆదివారం వీళ్లకి బోనాలంట. గుడికి దారి కావాలన్నారు. పైవాళ్లని బతిమాలి గోడకి తలుపు పెట్టించానండి. అదిగో, చూడండి. అయినా లారీలు ఆపేశారు. మొండితనం కాకపోతే ఏంటండీ ఇది?"

చూశాను. గోడలో ఇనప తలుపు, కొత్త రంగు. దాని మీద అడ్డంగా రాతి దిమ్మె. మనిషి నిటారుగా వెళ్లొచ్చు. నిజం చెప్పాలంటే నాకు కూడా ఒక్క క్షణం ఇంకేం కావాలి వీళ్లకి అనిపించింది.

అప్పుడు సునీత వెళ్లి బాలమణి ఎదురుగా నేల మీద కూర్చుంది. "అమ్మా, మీ బాధేంటో నేను చెబుతాను. తప్పైతే తప్పని చెప్పండి" అంది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గుడికి దారి పోతోందని మీ బాధ."

"కాదు. దారి ఇచ్చిండు గద."

"మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా గోడ లేపారని."

"అదీ ఉంది. గని అది కాదు."

నేనైతే మూడోది కూడా నా తెలివికొద్దీ ఊహించి చెప్పేసేదాన్ని. సునీత ఊహించలేదు. "అయితే నాకు తెలియట్లేదమ్మా. ఆదివారం మీరేం చేస్తారో మొదట్నుంచీ చూపించండి" అని అడిగింది.

బాలమణి లేచింది. నీళ్లకి వచ్చిన ఒక పిల్ల చేతిలోంచి బిందె తీసుకుని, చీర కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద బిందె ఎత్తుకుంది. దాని మీద ఒక చెంబు, చెంబు మీద దీపం ఉన్నట్టు ఇంకో చెయ్యి పైకెత్తి చూపించింది. అలా మెల్లగా నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. రాతి దిమ్మె బిందె కన్నా కింద ఉంది. చెంబూ దీపమూ దాకా పోనక్కర్లేదు.

అక్కడున్న మగవాళ్లంతా దిమ్మె వైపు చూశారు, మొదటిసారి చూస్తున్నట్టు.

"గిప్పుడు చెప్పుండ్రి" అంది బాలమణి, బిందె దించకుండానే. "ఇంట్ల ఎత్తుకున్న బోనం అమ్మోరి ముంగటనే దించుతం. నడుమల దించం, వంగం. అమ్మోరి ముంగట వంగుతం గని గోడ ముంగట వంగుతమా?"

"మీరు గోడ వద్దనడం లేదు, తలుపు వద్దనడం లేదు. బోనంతో వంగలేం అంటున్నారు" అంది సునీత.

"గదే బిడ్డా! గదే! నెల సంది మొత్తుకుంటున్నం. దర్వాజ ఇచ్చినంక ఇంకేంది మీ లొల్లి అంటడు గని, ఎందుకు అని అడిగినోడు లేడు."

దిమ్మె దిగింది

సునీత అక్కడితో ఆపలేదు. అటు తిరిగి సత్యనారాయణకీ అదే చేసింది. "మీరు వీళ్ల కోసం పైవాళ్లతో మాటపడ్డారు. తలుపు ఇచ్చినా తిట్టారని మీ బాధ. రేపు లోపల సామాను పోతే మిమ్మల్నే పట్టుకుంటారని భయం. అవునాండీ?"

"అవునండీ, అదేనండీ" అన్నాడతను. "ఇక్కడ మాకెవరున్నారండీ? వీళ్లు పరాయివాణ్ణి అంటారు, వాళ్లు చేతకానివాణ్ణి అంటారు."

బాలమణి బిందె దించి అతని వైపు చూసింది. "నీ సామాను మాకెందుకయ్యా? ఆ ముక్క ముందుగాల చెప్తే మేమే కాపలా కాస్తుంటిమి" అంది, గొంతు తగ్గించి.

రాంబాబు అప్పుడు ముందుకొచ్చాడు. "సత్యనారాయణ గారూ, మన జాతరలో అమ్మవారి గరగ కుండ నెత్తినెత్తుకున్నవాడు గుమ్మం కింద వంగుతాడాండీ?"

పాలకొల్లు వైపు పుట్టి పెరిగినవాడు, గరగలు చూడకుండా ఎలా ఉంటాడు? సత్యనారాయణ పనివాళ్ల వైపు తిరిగి, "ఒరేయ్, గునపాలు తీసుకురండ్రా. ఆ దిమ్మె దింపెయ్యండి" అన్నాడు. పైవాళ్లని అడగవద్దా అని నేను గుర్తుచేశాను. "తలుపు పెట్టమన్నారు గానండీ, పైన దిమ్మె పెట్టమని ఎవరూ అన్లేదండీ. అన్ని తలుపులకీ పెడతాం కదా అని నేనే పెట్టించాను" అన్నాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ: తలుపు ఉంటుంది, తాళం ఉంటుంది, పైన మాత్రం ఆకాశం. ఒక తాళంచెవి అతని దగ్గర, ఇంకొకటి బాలమణి దగ్గర.

దిమ్మె కింద పడ్డప్పుడు ఆడవాళ్లు పాటలేమీ పాడలేదు, లేచి చీరలకంటిన దుమ్ము దులుపుకుని రోడ్డు పక్కకి జరిగారు. మాకు జొన్నరొట్టె, ఎర్రటి పచ్చడి పెట్టారు. రొట్టె మందంగా ఉంది, పచ్చడి కళ్లనీళ్లు తెప్పించింది. రాంబాబు ముగ్గురి వాటా తిన్నాడు.

మేం బస్సెక్కేసరికి పట్టాభిరామయ్య గారు విసనకర్రలా పేపరు ఊపుకుంటున్నారు. "ఈ గోలతో నా ప్లాటు చూడ్డం కుదర్లేదు" అన్నారు. మాకు గోల్కొండ చూడడం కూడా కుదరలేదు, ఆ సంగతి ఆయనకి గుర్తు లేదు.

ఇంటికొచ్చాక

నేను అడిగితే ఆ ఆదివారం శేఖర్ వెళ్లి చూసొచ్చి ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేశాడు. బాలమణి ముందు, వెనక తక్కినవాళ్లు, బోనాల మీద దీపాలతో నిటారుగా ఆ గుమ్మం దాటారట. సత్యనారాయణ తలుపు తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడట. పోలీసులు రాలేదు, ఎవరి తలా పగల్లేదు. పేపర్లో కూడా రాదు. జరగని గొడవ గురించి ఎవరు రాస్తారు?

మర్నాడు కరస్పాండెంట్ గారు పిలిచారు. ముందు పట్టాభిరామయ్య గారిని అడిగారు. అద్దాల మేడ గురించి అరగంట చెప్పారాయన. చివర్లో, "దారిలో పల్లెటూరివాళ్లు గోల చేసి బస్సు ఆపేశారండి. టైమంతా వేస్టు" అన్నారు. నా చెవుల్లో పొగలొచ్చాయి. జరిగిందంతా నేను చెప్పాను. దిమ్మె గురించి, సునీత గురించి, శేఖర్ చెప్పిన రెండు గదుల గురించి. ఏ ఉద్యోగంలో ఉన్నా, ఏ ఊళ్లో ఉన్నా ఆ పిల్లలకి పనికొచ్చేది ఇదేనని చెప్పాను. కరస్పాండెంట్ గారు చిరునవ్వుతో విన్నారు.

"బాగుందమ్మా. కానీ ఉద్యోగాలు..."

"ఒక్క నిమిషం సార్. నేను ఏం చెప్పానో మీరోసారి చెప్పండి."

ఆయన ఆశ్చర్యపోయారు. "కంప్యూటర్లు వద్దంటున్నారు."

"కాదు."

పట్టాభిరామయ్య గారు అందుకున్నారు. "క్లాసు పోతే మేడమ్ గారి మాట చెల్లదని బాధండి."

"అదీ ఉంది. కానీ అది కాదు."

కరస్పాండెంట్ గారు గడియారం చూసుకున్నారు. కంప్యూటర్లు వచ్చే సోమవారం వస్తాయి, గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్యండి అన్నారు. ఇస్తాను సార్, నా మాట మీ నోటితో సరిగ్గా చెప్పిన రోజున ఇస్తాను అని లేచి వచ్చేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ముందు నుంచి అలా లేచి రావడం అదే మొదలు. కోపం ఇంకా తగ్గలేదు.

కంప్యూటర్ల పెట్టెలు వరండాలో ఉన్నాయి. వాటి మీద నాకేం పగ లేదు. పక్క స్టోరు రూములో విరిగిన బెంచీలు తీయిస్తే అక్కడికి వాటిని నేనే మోస్తాను. మేం వాటి పక్కనుంచే రోజూ క్లాసులోకి వెళ్తున్నాం. కరస్పాండెంట్ గారొకసారి, పట్టాభిరామయ్య గారొకసారి ఊహించారు, రెండూ తప్పే. మూడోసారి ఊహించక్కర్లేదు, సునీత అడిగినట్టు అడిగితే చాలు. అడిగేదాకా తాళంచెవి నా సంచిలోనే ఉంటుంది.